చౌడమ్మ ఎర్రదారాలు

“పాప కళ్ళు పచ్చగా ఉన్నాయి. నువ్వు చూడు. అక్కడ కాదు, కిటికీ దగ్గరికి రా. ఇప్పుడు చూడు. పచ్చగా లేవూ?”

“లేవు.”

“నిన్నటికంటే?”

“నిన్న కూడా లేవు, మొన్న కూడా లేవు. మీరు రోజూ ఇట్లా రెప్పలు విప్పి చూస్తాంటే మాత్రం ఎర్రగా అయితాయి.”

సుబ్బరత్నమ్మ పాపను లాక్కొని భుజాన వేసుకుంది. పాప గుక్కపెట్టింది. గోడ అవతలి నుంచి ఒక ముసలి గొంతు లేచింది.

“ఏమప్పా ఇనస్పెట్రప్పా! పొద్దుగాలే పిల్ల కండ్లకు కొలతలు తీస్తాండావా? పాలు తాగనీయప్పా దాన్ని!”

ఆ ఇనస్పెట్రప్ప పేరు నరసింహ. వయసు ఇరవైనాలుగు. ప్రకృతిశాస్త్రంలో పట్టా పుచ్చుకొని, ఆపైన కొన్ని నెలలు శిక్షణ పొంది, 1936 శ్రావణంలో కోడుమూరుకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. శాస్త్రం చదివినవాడికి భయాలు పోతాయని లోకం అనుకుంటుంది. చదువుకోనివాడు చీకటికీ దయ్యానికీ భయపడి ఊరుకుంటాడు. నరసింహకు పాలగిన్నె అంచున, తలుపు గడియ మీద, మామగారి మీసాల్లో, ఎక్కడ చూసినా ఏదో ఒకటి కదులుతున్నట్టే ఉండేది. మార్గశిరంలో భార్య సుబ్బరత్నమ్మ ఐదునెలల పాపతో కాపురానికి వచ్చినప్పుడు, ఆమె బండి దిగకముందే చేతుల మీద వేడినీళ్ళు పోశాడు. “ఇంటికి వచ్చిందాన్ని స్నానం చేయించి లోపలికి పిలుస్తారా, నేనేమన్నా చావు ఇంటికి పోయి వచ్చినానా?” అని ఆమె ఏడ్చినంత పని చేసింది.

ఆ ఏడు అతన్ని పట్టుకున్న భయం ఎలుకలది. మదరాసు నుంచి వచ్చే వైద్య పత్రికలో ఒక వ్యాసం చదివాడు. జపాను బొగ్గుగనుల్లో, యుద్ధంలో ఫ్రాన్సు కందకాల్లో, మొన్నమొన్న అండమాను దీవుల్లో కనిపించిన ఒక కామెర్ల జ్వరం గురించి. దానికి కారణం మెలి తిరిగిన దారపుపోగులాంటి సూక్ష్మజీవి. అది ఎలుక మూత్రపిండాల్లో కాపురం ఉంటుంది. ఎలుక మూత్రంతో తడినేలలోకి దిగి, అక్కడ నిలబడి పనిచేసేవాళ్ళ కాళ్ళ పగుళ్ళలోంచి ఒంట్లోకి దూరుతుంది. మొదట జ్వరం, పిక్కల్లో నొప్పి, కళ్ళు ఎర్రబడటం. నాలుగైదు రోజులకు పసుపు. కొందరు లేస్తారు, కొందరు లేవరు. వానలు, వరదలు ఉన్న కాలంలో ఎక్కువ అన్న వాక్యం కింద నరసింహ రెండు గీతలు గీసుకున్నాడు.

గీతలు గీసి తల ఎత్తి చూస్తే తానున్నది సాలెవీధి. వీధికి ఇరువైపులా మగ్గాలు, మగ్గం మగ్గానికి జొన్నగంజి పట్టించిన పడుగు, ఆ గంజి నాకడానికి ఇంటింటా ఎలుకలు.

గోడ అవతలి గొంతు చౌడమ్మది. ఇల్లు ఆమెదే. సగంలో ఆమె ఉంటుంది, సగం ఇన్‌స్పెక్టరుకు అద్దెకిచ్చింది. యాభైయైదేళ్ళు దాటిన మనిషి, నేతపని చేసే తొగట కులం. పొగాకు నములుతుంది. వీధిలో ఆమె లేనిదే ఏ మగ్గమూ ఆడదు, ఎందుకంటే పడుగు అతకడం ఆమె పని. మగ్గం మీద ఒక పడుగు నేయడం అయిపోతే, చివర జానెడు దారం మిగిలి ఉంటుంది. దాన్ని తీసేయరు. కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును పాత పడుగులోని ఒక్కొక్క పోగుకు వేళ్ళకు బూడిద రాసుకొని మెలిపెట్టి అతుకుతారు. రెండువేల పోగులు. అన్నీ చౌడమ్మ ఒక పూటలో అతికేది. అతికేటప్పుడు చేతులు ఒక మనిషివి, నోరు ఇంకొక మనిషిది అన్నట్టు ఉండేది. పొద్దున ఈ కొసన విన్న మాటను మధ్యాహ్నం సంగటి ముద్దతో పాటు ఆ కొసన దించి వచ్చేది.

ఒక్కసారే తప్పిందంటారు. ఎవరో అత్తాకోడళ్ళ తగువు రసవత్తరంగా చెబుతూ నల్లపోగును తెల్లపోగుకు అతికేసింది. చీర పొడుగునా ఒక నల్లగీత దిగింది. నేసినవాడు లబలబలాడితే చౌడమ్మ ఆ చీరను తానే పట్టుకొని సంతకు పోయి, “ఇది నందవరం కొత్త మోస్తరు, మీ ఊరికి ఇంకా రాలేదా?” అని అమ్మేసి వచ్చింది. పై నెలలో ముగ్గురు ఆడవాళ్ళు ఆ గీత చీరే కావాలని వచ్చారు. అప్పటినుంచి చౌడమ్మ తప్పు చేయదని వీధికి నమ్మకం కుదిరింది. చౌడమ్మకైతే ఆ నమ్మకం ముందునుంచే ఉంది.

ఆమె మొగుడు రామప్ప మంచి పనివాడు. రాక్షస నామ సంవత్సరం చైత్రమాసంలో, మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్నవాడు కూర్చున్నట్టే, “పిక్కలు పీకేస్తాండాయి” అన్నాడు. పదోరోజుకు పసుపుముద్దలా అయిపోయి పోయాడు. చౌడమ్మకు అప్పటికి ముప్ఫైనాలుగేళ్ళు, పిల్లలు లేరు. కర్మ అయిపోయిన మరునాడు ఏటి ఒడ్డునుంచి ఒంటెద్దు బండితో మట్టి తోలించి ఆ గుంత పూడ్పించింది. “నా మొగున్ని గుంత కరిసింది” అనేది. వీధివాళ్ళు పాపం దుఃఖంలో ఉందిలే అనుకున్నారు. ఇన్‌స్పెక్టరు మంచం వేసుకున్న గది ఆ మగ్గం గదే.

ఇది ఇట్లా ఉండగా మాఘమాసంలో జిల్లా నుంచి ఒక ఉత్తరువు వచ్చింది. మీ పరిధిలో కామెర్లతో కూడిన జ్వరాలు గత పదేళ్ళలో ఏ నెలలో ఎన్ని వచ్చాయో, పెరుగుతున్నాయో తరుగుతున్నాయో పట్టిక వేసి పంపవలెను. నరసింహ ఎగిరి గంతేశాడు. తన భయానికి ప్రభుత్వ ముద్ర పడింది గదా. వెంటనే ఊరి మునసబు ఇంటికి పోయి జననమరణాల పుస్తకం అడిగాడు. మునసబు వసారాలో తలకు నూనె పట్టించుకుంటున్నాడు.

పుస్తకంలో పదేళ్ళుగా అందరూ ఒకే జబ్బుతో పోయారు. జ్వరం.

“ఇదేమిటండీ, ఈ బోయ తిమ్మన్న తాడిచెట్టు మీదనుంచి పడి చనిపోయాడని ఊరంతా చెబుతోంది. ఇక్కడ జ్వరం అని ఉంది?”

“పడినాక వచ్చింది లేప్పా జరము.”

“కామెర్లు అని ఒక్కచోట కూడా లేదే?”

“గడి ఇంతే ఉండాది గదప్పా, ఎంతని రాసేది? జరమంటే అన్నీ అందులోనే వస్తాయి.” మునసబు చెవిలోకి నూనె దిగకుండా తల వంచి అడిగాడు. “ఇంతకూ దేనికి ఇదంతా?”

నరసింహ ఎలుక సంగతి, దారపుపోగు లాంటి సూక్ష్మజీవి సంగతి వివరంగా చెప్పాడు. మునసబు అంతా విని, నూనె పట్టిస్తున్న మనిషివైపు తిరిగి, “ఇన్నావేమిరా? ఎలక ఉచ్చ పోస్తే మనిషికి జరమొస్తాదంట. రేపు పిల్లి తుమ్మితే మనిషి పడిశం చీదాలంట,” అన్నాడు. ఆ సాయంత్రానికే ఊరంతా పిల్లి తుమ్ము మాట చెప్పుకొని నవ్వింది.

చౌడమ్మ నవ్వలేదు. రాత్రి వంటకు కట్టెలు తీసుకుంటూ గడపలో ఆగి అడిగింది.

“మునసబు దగ్గరికి ఎందుకు పోయినావప్పా? పసిరిక జరాలు కావాలంటే నన్నడగాల గాని.”

“నీకేం తెలుసవ్వా?”

“రా.”

ఆమె వైపు ఇంట్లో దూలానికి వరుసగా దారాల గుత్తులు వేలాడుతున్నాయి. నరసింహ అవి ఇన్నాళ్ళూ చూసి, బూజు అనుకుని, మనసులోనే ఆమెకు రెండుసార్లు జరిమానా వేశాడు. అవి బూజు కావు. ఇంటికొక గుత్తి. ఆ ఇంట్లో ఒక పడుగు అతికిన ప్రతిసారీ ఆ రంగు పోగు ఒకటి తెచ్చి ముడివేసేది. ఉగాది వస్తే నల్లముడి. పోయినసారి అతికినప్పటికీ ఈసారి అతికేటప్పటికీ మధ్య ఆ మగ్గం మీది మనిషికి పసిరిక జ్వరం, అంటే కామెర్ల జ్వరం, వచ్చి ఉంటే, ఎర్రదారం. మనిషి పోతే ఎర్రదారానికి రెండు ముళ్ళు.

“ఎప్పటినుంచి అవ్వా?”

“మా ఆయప్ప పోయినప్పటినుంచి. నన్ను పిచ్చిదన్నారు గదా. యా గుంత కరుస్తాదో, ఎన్నిసార్లు కరుస్తాదో సూద్దామని పట్టినా.”

ఇరవైయొక్క ఏళ్ళ లెక్క. మొత్తం జిల్లాలో లేనిది ఒక పడుగు అతికే ముసలిదాని దూలానికి వేలాడుతోంది. నరసింహ గళ్ళ కాగితం తెచ్చుకున్నాడు. పదిరోజులు ఆమె పనికి పోయి వచ్చాక కూర్చోవడం, ఆమె ముడి పట్టుకొని చెప్పడం, అతను రాసుకోవడం.

“ఇది మన పక్కింటి ఈరన్న వాళ్ళ నాయన. శివరాత్రి అయినాక ఎనిమిదో దినం పండుకున్నాడు. లేసినాడు. ఇది కోటకొండ వాళ్ళది, ఉగాది పచ్చడి కూడా నోట్లో పెట్టుకోలేదు పాపం. ఇది, ఈ రెండు ముళ్ళది, శ్రీరామనవమి పానకం నాడు.”

“ఉరుకుంద ఈరన్న స్వామి జాతరప్పుడు ఎవరికీ రాలేదా? శ్రావణంలో?”

“ల్యాదు.”

“భాద్రపదం? వినాయక చవితికి?”

“ల్యాదంటాండా గదా. నువ్వు రమ్మంటే వస్తాదేమప్పా జరము?”

గళ్ళ కాగితం మీద చుక్కలు కలిపి చూస్తే ఏడాది ఏడాదికీ ఒక కొండ లేచింది. ఆ కొండ ఫాల్గుణంలో మొదలై, చైత్రంలో శిఖరం తాకి, తొలకరి పడగానే కూలిపోతోంది. వానాకాలం అంతా చదును. అంటే మన కర్నూలు సీమలో నేల నెర్రెలు విచ్చి, హంద్రీలో ఇసుక తప్ప చెమ్మ లేని రోజుల్లో తడినేల జబ్బు విరగకాస్తోంది. పత్రికలో దానికి సరిగ్గా తలకిందులు.

నరసింహ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు అతనికి జ్ఞానోదయం అయింది. చౌడమ్మ ఎర్రదారం కట్టేది జ్వరం వచ్చినప్పుడు కాదు, మళ్ళీ పడుగు అతకడానికి పిలుపు వచ్చినప్పుడు. జ్వరపడ్డవాడు కోలుకొని మగ్గం ఎక్కడానికి నెలలు పడుతుంది. కాబట్టి జ్వరాలన్నీ అంతకు ఏడునెలల ముందువి. చుక్కలన్నిటినీ ఏడు గళ్ళు వెనక్కు జరిపాడు. కొండ బుద్ధిగా నడిచి వచ్చి భాద్రపదం మీద, సరిగ్గా పత్రిక చెప్పిన చోట కూర్చుంది. పక్కన ‘దిద్దుబాటు చేయబడినది’ అని రాసి, ఆనందం పట్టలేక చౌడమ్మకు చదివి వినిపించాడు.

“భాద్రపదమా? నేను చైత్రమంటే నువ్వు భాద్రపదమని రాస్తాండావే?”

“అది దిద్దుబాటు అవ్వా. నువ్వు ఆలస్యంగా కట్టినావు.”

“నేను కట్టేది ఆలస్యంగానే. చెప్పేది పండుకున్న దినం గదప్పా! పానకం నాడు పోయినోడు వినాయక చవితికి పోయినాడని రాస్తే, నడమ ఏడు నెలలు వాడు ఏం చేసినట్టు? సంతకు పోయి వస్తాండెనా?”

“శాస్త్రంలో ఇట్లా జరుగుతుంది అవ్వా.”

“అట్లయితే నీ శాస్త్రంలోనే చావమను,” అని ఆమె పొగాకు ఉమ్మి లేచిపోయింది. నరసింహ కాగితం మడిచి జిల్లాకు పంపేశాడు.

చైత్రం వచ్చింది. ఈశ్వర నామ సంవత్సరం ఎండలు తొలిరోజునుంచే నిప్పులు చెరిగాయి. రాతిమిద్దె పెనంలా కాలింది. పాపకు తొమ్మిదినెలలు నిండి పారాడుతోంది. నడుము నిండా చెమటకాయలు, పగలంతా ఏడుపు. వీధి మొత్తం మీద చల్లటి చోటు ఒక్కటే, పక్కింటి ఈరన్న మగ్గం గది. అక్కడ ఆడవాళ్ళు మధ్యాహ్నాలు పిల్లల్ని వేసుకొని కూర్చునేవాళ్ళు. సుబ్బరత్నమ్మ ఇన్నాళ్ళూ అడగడం, నరసింహ కుదరదనడం. ఆ రోజు అతను గోడకు తగిలించుకున్న పట్టిక నకలు వైపు చూసి, దర్జాగా అన్నాడు.

“పో. ఎండాకాలం భయం లేదు. వానలు పడ్డాక మాత్రం ఆ గడప తొక్కేది లేదు.”

చౌడమ్మ అప్పుడు ఊళ్ళో లేదు. నందవరంలో చెల్లెలి ఇంట పడుగులు అతకడానికి పోయి వారం అయింది. ఎనిమిదోరోజు మధ్యాహ్నం బండి దిగి, సంచి ఇంట్లో పడేసి, ఈరన్న ఇంట పడుగు ముగియవచ్చిందని విని నేరుగా అక్కడికి పోయింది. లోపల అడుగుపెట్టి చూస్తే, గుంత గట్టుమీద సుబ్బరత్నమ్మ కూర్చొని ఉంది. ఒడిలో పాప. పాప కాళ్ళు రెండూ గుంతలోని నీళ్ళలో. పాప ఆ నీళ్ళను తప్పతప్ప తన్నుతూ కేరింతలు కొడుతోంది.

పక్కన ఈరన్న తొక్కుడు చెక్కల మీదనుంచి కాళ్ళు తీసి పిక్కలు పిసుక్కుంటున్నాడు.

“ఏమో అవ్వా, రెండు దినాలనుంచి పిక్కలు పీకేస్తాండాయి. తొక్కలేక పోతాండా,” అన్నాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

చౌడమ్మ పాపను చంకకెత్తుకొని వీధిలోకి పరుగెత్తింది. యాభైయైదేళ్ళ మనిషి ఆ ఎండలో అట్లా పరుగెత్తడం వీధి ఎప్పుడూ చూడలేదు. వెనక సుబ్బరత్నమ్మ, ఆమె వెనక ఏం జరిగిందో తెలియని నలుగురైదుగురు. ఇంటి ముందు తొట్టిలో నీళ్ళతో పాప కాళ్ళు కడిగి, సున్నిపిండితో రుద్ది, మళ్ళీ కడిగి, అప్పుడు గోల విని బయటికి వచ్చిన నరసింహ వైపు తిరిగింది.

“ఆ గుంతలో నీళ్ళు యాడివని అడిగినావా ఎప్పుడైనా?”

“నీళ్ళా? వాన లేదు గదా, నీళ్ళెందుకు ఉంటాయి?”

“పోస్తారప్పా! ఎండకు పోగులు పటపట తెగుతాయని, గుంతలో చెమ్మ ఉంటే పడుగు మెత్తగా ఉంటాదని, శివరాత్రి అయినప్పటినుంచి తొలకరిదాకా బిందెలు బిందెలు పోస్తారు. వానాకాలమైతే గాలిలోనే చెమ్మ ఉంటాది, ఎవరు పోస్తారు?”

నరసింహకు మిగతాది ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఊళ్ళో ఎక్కడా చుక్క నీరు లేనప్పుడు ఎలుక మాత్రం ఎక్కడికి పోతుంది? తినడానికి పడుగు మీద గంజి, తాగడానికి గుంతలో నీళ్ళు, రెండూ ఒకే చోట. కొండ ఉండవలసిన చోటే ఉంది. దాన్ని ఏడు గళ్ళు మోసుకుపోయినవాడు తాను. ఆ కాగితం చూసుకొని పాపను ఆ గుంత దగ్గరికి పంపినవాడూ తానే.

మరునాడు ఈరన్నకు జ్వరం విపరీతంగా కాసింది. నాలుగోరోజు కళ్ళు పచ్చబడ్డాయి. నరసింహే మోటారు బస్సు ఎక్కించి కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయి చేర్చి వచ్చాడు. ఇక పాప సంగతి. పత్రిక ప్రకారం తెలియడానికి రెండువారాలు పట్టవచ్చు.

ఆ పద్నాలుగు రోజులూ నరసింహ ఉద్యోగం చేశాడని చెప్పలేం. గంటగంటకూ పాప నుదురు ముట్టేవాడు. పిక్కలు నొక్కేవాడు. పాప చక్కిలిగింత పుట్టి నవ్వితే, నవ్వుతోందంటే నొప్పి లేనట్టే గదా అని భార్యను అడిగేవాడు. కొంచెం సేపటికి, నొప్పి ఉన్నా నవ్వుతారేమో అని మళ్ళీ అడిగేవాడు. ఎనిమిదోరోజు ఊరి బయట బావుల్లో మందు కలిపి ఇంటికి వచ్చేసరికి, చాపమీద పాప నిలువెల్లా పసుపుపచ్చగా మెరుస్తోంది. నరసింహ పెట్టిన కేకకు వీధిలో మగ్గాలు ఆగిపోయాయి.

“చెమటకాయలకని పసుపూ చందనమూ పూసినానండీ!” అంటూ సుబ్బరత్నమ్మ వంటింట్లోంచి పరుగెత్తి వచ్చింది. అయినా అతను నమ్మలేదు. తడిగుడ్డతో చెంప తుడిచి, కింద అసలు రంగు కనిపించాక గాని ఊపిరి తీసుకోలేదు. ఆగిన మగ్గాలవాళ్ళంతా తలుపు దగ్గర నిలబడి చూసి, ఇన్‌స్పెక్టరు కూతురికి కష్టపడి నలుగు తీస్తున్నాడని చెప్పుకుంటూ వెళ్ళిపోయారు.

రోజూ పొద్దున అతను గోడ అవతలికి వెళ్ళేవాడు.

“అవ్వా, ఇంత చిన్నపిల్లకు ఎప్పుడైనా ఎర్రదారం కట్టినావా?”

“ల్యాదు.”

“నిజంగా?”

“ల్యాదు. అయితే ఇంత చిన్నపిల్లను ఆ గుంత దగ్గరికి పొమ్మన్న తండ్రి కూడా యాడా ల్యాడు.”

మాట అట్లా అనేసినా, ఆ రెండువారాలు ఆమె ఏ పడుగూ అతకడానికి పోలేదు. పిలవడానికి వచ్చినవాళ్ళకు నడుము పట్టిందని చెప్పింది. పగలంతా పాపను తన కాళ్ళమీద వేసుకొని కూర్చునేది. ఒకసారి నరసింహ చూడలేదనుకొని తానే పాప పిక్క మెల్లగా నొక్కింది. పాప నవ్వింది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

అదే సమయంలో నరసింహ ప్రభుత్వ పద్ధతిలో కూడా పోరాడాడు. మగ్గం గుంతల్లో నీరు నిలవ ఉంచరాదని పెద్ద అక్షరాలతో ప్రకటన రాసి, ముద్ర వేసి, వీధిలో పన్నెండు గోడలకు అంటించాడు. అంటించడానికి చేతికందిన జొన్నగంజి వాడాడు. తెల్లారి చూస్తే ఎలుకలు పన్నెండు ప్రకటనలనూ అంచులనుంచి నడుమదాకా కొరికి తినేశాయి. ఒక గోడమీద మాత్రం ‘ఇన్‌స్పెక్టరు’ అన్న మాట మిగిలింది. మునసబు అటు పోతూ దాన్ని చదివి, అక్కడే నిలబడ్డ నరసింహతో “మొగోడివప్పా, నిన్ను మాత్రం ముట్టలేదే!” అన్నాడు.

పదిహేనోరోజు తెల్లవారింది. పాప పళ్ళెం అంత నవ్వుతో లేచి తండ్రి కళ్ళద్దాలు లాగి కిందేసి పగలగొట్టింది. పగిలిన అద్దం ఏరుతున్నప్పుడు ఉన్నంత సంతోషంగా నరసింహ అంతకుముందెప్పుడూ లేడు. చౌడమ్మ నడుము ఆ పూటే బాగయింది. వీధి మధ్యలోకి వచ్చి నిలబడి, రెండు కొసలకూ వినబడేటట్టు చెప్పింది.

“ఇనండప్పా! పొద్దుమునిగేటప్పటికి యా ఇంటి గుంతలో తడి కనపడినా ఆ ఇంట్లో నేను పోగు ముట్టను. చెమ్మ కావాల్నంటే తడిపిన గోనెపట్ట పడుగు కింద కట్టుకోండి. మాపటికి గుంత ఎత్తిపోసి పొడిబూడిద చల్లి పలక మూయండి. కాదంటే రెండువేల పోగులు మీరే అతుక్కోండి.”

“పోగులు తెగితే నువ్వొచ్చి అతుకుతావా?” అని ఎవరో అడిగారు.

“తెగిన పోగు అతుకుతా. చచ్చినోన్ని అతకలేను.”

మూడోరోజుకు వీధిలో తడిగుంత లేదు. మునసబు ఇంటి వెనక ఉన్న మగ్గం గుంత కూడా ఆరింది, ఎందుకంటే వాళ్ళ పండుగ చీర పడుగు మీదే ఆగిపోయింది. నెల తిరక్కముందే ఈరన్న పీలగా, బలహీనంగా, తిండికి మాత్రం రెట్టింపు ఆకలితో తిరిగి వచ్చాడు. ఆ వేసవిలో అతనిదొక్కటే ఎర్రదారం. ఒక్క వేసవి దేన్నీ రుజువు చేయదని నరసింహకు తెలుసు. పైగా కర్నూలులో ఆ మెలికల సూక్ష్మజీవిని కళ్ళతో చూసినవాళ్ళూ లేరు. అది అదే జ్వరమని అతను ప్రమాణం చేయలేడు. చైత్రంలో వస్తుందని మాత్రం చేయగలడు.

కొత్త పట్టిక వేశాడు. చుక్కలు ఎక్కడివక్కడ. కింద గుంతల్లో నీళ్ళు పోసే సంగతి రాసి, ముందు పంపినది తన తప్పని ఒప్పుకొని జిల్లాకు పంపాడు. నెలకు జవాబు వచ్చింది. మీ మొదటి పట్టిక శాస్త్రసమ్మతముగా ఉన్నది, రెండవదానిలో నెలలు తారుమారు అయినట్లు తోచుచున్నది, దిద్ది పంపవలెను.

ఆ కాగితం పట్టుకొని నరసింహ గోడ అవతలికి పోయాడు. చౌడమ్మ విస్తరాకులు కుట్టుకుంటోంది. చదివి వినిపిస్తే చాలాసేపు పకపక నవ్వింది.

“నీ మాదిరే ఉండాడే ఆయప్ప కూడా! ఎంతమంది పిల్లోల్లు?”

“తెలియదవ్వా. ఇప్పుడేం రాయమంటావు? మళ్ళీ జరపమంటున్నారు.”

ఆమె పుల్ల పంటితో కొరికి ఆకులో గుచ్చింది.

“సూడప్పా. చెప్పినోల్లు చెప్పింది చెప్పినట్టే పైన రాయి. అది నీది కాదు, దాన్ని ముట్టొద్దు. నీకు నచ్చకుంటే, కింద గీత గీసి, ఇది నా మాట అని రాసుకో. ఎంతైనా రాసుకో. పైదాన్ని మాత్రం కొట్టేయొద్దు.”

నరసింహ అట్లాగే రాసి పంపాడు. ఉద్యోగంలో ఆ తరువాత ఏ ఊరు పోయినా, ఏ జ్వరం లెక్క తీసినా, అతని కాగితాలన్నిటికీ నడుమ ఒక గీత ఉండేది. ఇప్పుడు పాప బడికి పోతోంది. ఇంట్లో ఒక పుస్తకంలో ఆమె ఆరోగ్యం రాసే అలవాటు అతనికి పోలేదు. పోయిన సోమవారం పుటలో ఇట్లా ఉంది:

‘పాప కడుపు నొస్తోందని చెప్పింది. శానా నొస్తోందని రెండోసారి చెప్పింది. లెక్కల పరీక్ష ఉన్నదని సుబ్బరత్నమ్మ చెప్పింది.’

కింద గీత.

‘ఇది నా మాట: అదే అయి ఉంటుంది. అయినా పిక్కలు నొక్కి చూశాను.’